అన్నిటికీ పనికొచ్చే తుపాకీ

చిన్నదై ఉండాలట, నడుముకి ఉన్నా పక్కవాడికి తెలియకూడదట. పేలితే మాత్రం ఎదుటివాడు మళ్ళీ లేవకూడదట. ఏడాదిపాటు నూనె చుక్క వెయ్యకపోయినా మొరాయించకూడదట. ఇదీ మా బావమరిది వరస. ఆదివారం భోజనానికి వస్తాడు, పప్పులో నెయ్యి పడీ పడకముందే మొదలుపెడతాడు. ములక్కాడ నములుతూ క్యాలిబర్ల గురించి చెబుతాడు. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి ఎంత బరువున్న మనిషి ఎన్ని గుళ్ళకి పడతాడన్న లెక్క నడుస్తుంటుంది. నేను గుటక మింగలేక మా ఆవిడ వంక చూస్తాను. "పాపం, వాడికి మనం కాక ఇంకెవరున్నారండీ చెప్పుకోడానికి" అంటూ ఆవిడ తమ్ముడికి ఇంకో గరిటె సాంబారు పోస్తుంది. అంటే ఇంకో పావుగంట తుపాకీ.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఈ రకం మనిషిని పరిచయం చెయ్యక్కర్లేదు. వాటర్ ఫిల్టర్ కొనాలన్నా ఎక్సెల్ షీట్ తెరిచే జాతి. ఇప్పుడా షీట్లో వాటర్ ఫిల్టర్ల స్థానంలో పిస్టళ్ళు చేరాయి. సైజుకి ముప్ఫై మార్కులు, పవర్‌కి ముప్ఫై, నమ్మకానికి నలభై. ప్రతి వారం ఫస్టు ర్యాంకు మారుతుంది. ఏదో ఒకటి కొని తగలడరా అంటే, "అలా ఎలా బావా, ఆల్‌రౌండర్ కావాలి కదా!" అంటాడు.

ఈ సరదా వాడికి గ్రీన్ కార్డుతో పాటు వచ్చింది. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ అమెరికా చట్టం వాడిని తుపాకీ ముట్టనివ్వలేదు. అయితే అదే చట్టంలో ఓ సందు ఉంది: వేట లైసెన్సు తీసుకుంటే హెచ్-1బి వాళ్ళు కూడా కొనుక్కోవచ్చు. దోమని కూడా చప్పట్లతో బెదిరించి పంపేసే శుద్ధ శాకాహారులు కొందరు ఆ లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. మావాడు మాత్రం నియమం తప్పలేదు. మనదేశంవాళ్ళ క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి కార్డు తెచ్చుకున్నాడు. అంత ఓపిక పట్టినవాడు సత్యనారాయణ వ్రతం చేయించుకుంటాడనుకున్నాను. తుపాకీల షాపుకి రమ్మన్నాడు.

వెళ్ళక తప్పలేదు. అద్దాల కౌంటరు వెనక తెల్లగడ్డం పెద్దాయన ఓ పిస్టల్ బయటికి తీశాడు. మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టాడు. పైనున్న స్లైడ్‌ని వెనక్కి లాగి, లోపలికి తొంగి చూసి, చాలనట్టు చిటికెన వేలు పెట్టి తడిమి, ఖాళీ అని ఖాయం చేసుకున్నాకే గొట్టం గోడవైపు ఉండేలా రబ్బరు చాప మీద పెట్టాడు. రోజుకి ఎన్నిసార్లు చేస్తాడో గానీ ఆ చేతుల్లో తొందర లేదు. నాకు ఆ షాపులో నచ్చింది అదొక్కటే. తర్వాత మావాడు అందుకున్నాడు. బెండకాయ కొస విరిచి చూసినంత ధీమాగా స్లైడ్ లాగబోయాడు. ఇన్నేళ్ళూ కీబోర్డు తప్ప ఇంకేమీ నొక్కని వేళ్ళు కదా, స్లైడ్ సగం దాకా వచ్చి, ఆలోచించి, టక్కున వెనక్కి పోయింది. బొటనవేలి చర్మం కాస్త దానితో పోయింది.

"దేనికి కావాలి?" అని అడిగాడు పెద్దాయన.

"అన్నిటికీ" అన్నాడు మావాడు, వేలు నోట్లో పెట్టుకుని.

"అయితే మూడు కొను" అన్నాడాయన.

అది వ్యాపారం మాట అనుకున్నాను గానీ శాస్త్రం మాటే. చిన్న తుపాకీ మొయ్యడానికి సుఖం, పేల్చడానికి నరకం. పెద్దది పేల్చడానికి సుఖం, మొయ్యడానికి నరకం. అయిదు గుళ్ళ బుల్లి రివాల్వర్లున్నాయి, నాలుగు వందల గ్రాములు తూగుతాయి. జేబులో ఉన్న సంగతి కూడా గుర్తుండదు. కానీ తుపాకీ తేలికయ్యేకొద్దీ ఆ తన్నంతా చేతికే తగులుతుంది. పది గుళ్ళు పేల్చేసరికి అరచెయ్యి వాస్తుంది. పోనీ అని సైన్యం వాడిన పాత కోల్ట్ 1911 తీసుకుంటే ఖాళీదే కిలో పైచిలుకు. జూలైలో టెక్సస్ ఎండకి పల్చటి చొక్కా వేసుకుని, ఆ కిలో ఇనుము నడుముకి దోపుకుని, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంటే దొంగ వచ్చేలోపు నడుం నొప్పి వస్తుంది. ఉగాది వేడుకలకి పంచె, లాల్చీ వేసుకుంటే ఎక్కడ పెడతావురా అని అడిగాను. మొలతాడుకి కడతావా అని కూడా అడిగాను. కోపం రాలేదు వాడికి. ఎక్సెల్ షీట్లో ఇంకో వరస చేర్చాడు.

ఇక పవర్. పవర్ మాట వినపడితే చాలు, నాకు ఆవులు గుర్తొస్తాయి. ఎందుకో చెబుతాను. వద్దన్నా చెబుతాను, మా బావమరిది నన్నెన్ని ఆదివారాలు ఆగమంటే ఆగాడు గనక?

ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యానికి మోరో యోధులతో పోరు నడిచిన రోజుల్లో, సైనికుల చేతుల్లో పాయింట్ 38 రివాల్వర్లుండేవి. గుళ్ళు తగిలినా అవతలివాళ్ళు కత్తులెత్తుకుని మీదికి వస్తూనే ఉన్నారు. దాంతో ఏ సైజు గుండు మనిషిని ఆపుతుందో తేల్చమని 1904లో ఇద్దరిని నియమించారు. ఒకరు ఆయుధాల శాఖ అధికారి జాన్ థాంప్సన్, రెండోవారు సైనిక వైద్యుడు లూయీ లాగార్డ్. ఆ ఇద్దరూ బాగా ఆలోచించుకుని షికాగోలో కబేళాల దగ్గరి పశువుల దొడ్డికి వెళ్ళారు.

వెళ్ళి ఆవుల్నీ ఎద్దుల్నీ కాల్చారు. ఒక్కో పశువుని ఒక్కో రకం గుండుతో కాల్చడం, ఎంతసేపటికి పడుతుందో చూడడం, రాసుకోవడం. కొన్ని పడ్డాయి. కొన్ని పడలేదు, అలాగే నిలబడి చూశాయి. ఆ దృశ్యం నా కళ్ళముందు కదులుతూ ఉంటుంది. ఓ మేజరు గారు గడియారం పట్టుకుని ఆవు వంక చూస్తున్నాడు. ఆవు కూడా మేజరు గారి వంక చూస్తోంది. ఎవరు ముందు తల తిప్పుకుంటారో తెలియదు. ఎంతకీ పడనివాటి నుదుటి మీద సుత్తితో కొట్టి పరీక్ష ముగించేవారు. అంటే ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులు రావలసింది సుత్తికి. మొరాయించదు, గుళ్ళు అయిపోవు, లైసెన్సక్కర్లేదు. కానీ కమిటీ వేసింది తుపాకీ కోసం కనక సుత్తిని సిఫారసు చెయ్యలేదు. అది చాలనట్టు చనిపోయిన మనుషుల దేహాల్ని వేలాడదీసి కాల్చి, ఏ గుండుకి ఎంత ఊగుతున్నాయో కూడా చూశారు. ఇంతా చేసి తేల్చిందేమిటంటే, పాయింట్ 45 కంటే తక్కువైతే లాభం లేదని. పెద్ద గుండు పెద్ద దెబ్బ కొడుతుందని చెప్పడానికి మా ఊరి పశువుల కాపరి చాలు. పైగా వాడు గడ్డి కూడా వేసి వచ్చేవాడు.

ఇంతకీ ఫిలిప్పీన్స్‌లోని మిండనావ్ అడవుల్లో కత్తి పట్టుకుని తన ఊరిని కాపాడుకుంటున్న మనిషికీ, షికాగోలో నెమరేసుకుంటున్న ఆవుకీ పోలికేమిటో ఆ నివేదిక రాసినవాళ్ళకే తెలియాలి. ఓ ఆదివారం నేనే చొరవ తీసుకుని ఈ కథ చెప్పాను, మావాడికి బుద్ధొస్తుందని. వాడు చెయ్యి కడుక్కోబోతూ ఆగి, "ఏ తూటా వాడారు బావా?" అన్నాడు. మా ఆవిడ మాత్రం గరిటె కింద పెట్టేసింది. "భోజనాల దగ్గర గోహత్య మాటలేమిటండీ!" అంది. ఇన్ని వారాలుగా మా డైనింగ్ టేబుల్ మీద మనుషుల్ని వరసపెట్టి పడగొడుతుంటే సాంబారు పోసిన చెయ్యి అది.

ఆవుల త్యాగం అంతటితో అయిపోలేదు. ఆ పాయింట్ 45 గుండుకి తగ్గట్టు జాన్ బ్రౌనింగ్ ఓ పిస్టల్ తయారుచేశాడు, ఇందాక చెప్పిన కిలో పైచిలుకు కోల్ట్ 1911 అదే. 1911లో దాన్ని పరీక్షించినప్పుడు ఆరు వేల గుళ్ళు పేల్చారు. వేడెక్కితే నీళ్ళలో ముంచి తీసి మళ్ళీ పేల్చారు. ఒక్కసారీ మొరాయించలేదు. సైన్యం దాన్ని డెబ్భై ఏళ్ళ పైన మోసింది. 1985లో తీసేసి 9 ఎం.ఎం. బెరెట్టా తెచ్చుకుంది. మరుసటి ఏడు, 1986 ఏప్రిల్‌లో, మయామీలో బ్యాంకు దొంగలిద్దరితో ఎఫ్‌బీఐకి కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. 9 ఎం.ఎం. గుండు చాలినంత లోతుకి దిగలేదన్నారు. 10 ఎం.ఎం. తెచ్చారు. అది మరీ తన్నుతోందని కాస్త తగ్గించారు. అలా 1990లో పాయింట్ 40 పుట్టింది, దేశంలోని పోలీసులంతా దాని వెంట పడ్డారు. ఓ పాతికేళ్ళు గడిచాక ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎం.ఎం.కే వచ్చింది. ఇప్పుడు తూటాలు మెరుగుపడ్డాయట, ఇది పట్టుకుంటే తమవాళ్ళు త్వరగా, గురిగా కాలుస్తున్నారట. ఆ 9 ఎం.ఎం. తూటా ఆస్ట్రియావాడు గియోర్గ్ లూగర్ చేసింది, షికాగో ఆవులకంటే ముందు పుట్టింది. అంటే ఆవులన్నీ ఊరికే పోయాయి.

ఇన్ని దశాబ్దాల పరిశోధన సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, చేతి తుపాకీల్లో గుండు సైజు కన్నా గురి ముఖ్యం. గురి కొనుక్కుంటే వచ్చేది కాదు. మావాడు అద్దె పిస్టల్‌తో రేంజిలో కాలిస్తే కాగితం బొమ్మకి భుజం మీద ఒకటి, చెవి పక్కన ఒకటి తగిలాయి. మిగతావన్నీ వెనకున్న మట్టిగట్టు తీసుకుంది. ఎక్సెల్ షీట్లో గురికి గడి లేదు.

నమ్మకం దగ్గరకొస్తే వాడి ఇష్టదైవం గ్లాక్. ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ అనే ఆయన కర్టెన్ రాడ్లు చేసుకుంటూ ఉండేవాడు. అంతవరకూ తుపాకీ తయారుచేసి ఎరగడు. సైన్యానికి పిస్టల్ కావాలని తెలిసి ప్లాస్టిక్ ఒంటితో ఒకటి తయారుచేశాడు, 1982లో వాళ్ళు తీసుకున్నారు, ఆ తర్వాత ప్రపంచమంతా తీసుకుంది. బురదలో పడేసినా పేలుతుందని మావాడు పరవశించిపోతాడు. కర్టెన్ రాడ్లవాడి తుపాకీ అంత నమ్మకంగా పేలుతోంది, బానే ఉంది. మా హాల్లో మావాడు బిగించిన కర్టెన్ రాడ్ మాత్రం నెలకోసారి నా నెత్తి మీద పడుతోంది.

మన దేశంలో ఈ బెడద లేదు. అక్కడ 9 ఎం.ఎం. మామూలు జనానికి నిషేధం. లైసెన్సు చేతికొచ్చేలోపు జుట్టు నెరుస్తుంది. వచ్చినా పాయింట్ 32 లాంటి రివాల్వరో పిస్టలో తీసుకోవాలి, ఎన్నికల కోడ్ రాగానే సాధారణంగా స్టేషన్లో అప్పజెప్పాలి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, చట్టం వద్దనని వాళ్ళెవరైనా సరే, ఇరవై ఒకటి నిండితే చాలు, లైసెన్సే లేకుండా నడుముకి పెట్టుకుని తిరగవచ్చు. ఛాయిస్ ఎక్కువైనచోట భోజనం చల్లారిపోతుంది.

వాడిని ఇంతగా ఆడిపోసుకుంటున్నాను గానీ, వాడి భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. 2023 మే 6న ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు తుపాకీతో ఎనిమిది మందిని చంపాడు. అందులో ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు. మేమంతా పిల్లలకి బట్టలు కొనే మాల్ అది. ఆ తర్వాత మా వాళ్ళలో చాలామంది ఇంట్లో ఒకటుంటే మంచిదనుకున్నారు. కాదని నేనెలా అనను? అలా అని అవునని కూడా అనలేకపోతున్నాను. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. వాళ్ళలో సగానికి పైగా, 26,328 మంది, తమని తామే కాల్చుకున్నవాళ్ళు. ఎక్సెల్ షీట్లో ఉన్న మూడు గడులూ ఎదుటివాడిని చూసి రాసుకున్నవే. ఎవరికీ తెలియకుండా దాచుకోవచ్చు, ఒక్క దెబ్బకే పని అయిపోతుంది, ఎప్పుడూ మొరాయించదు అని మనం మురిసే ఆ మూడు గుణాలూ ఇంట్లోవాళ్ళకి మనసు బాగోని రాత్రి కూడా అంతే నమ్మకంగా పనిచేస్తాయి. లేఆఫ్ కాగితం వచ్చినవాడున్న ఇంట్లో, మార్కులు తగ్గి గది తలుపేసుకున్న పిల్లాడున్న ఇంట్లో, మొరాయించే తుపాకీ మంచిదనిపిస్తుంది నాకు.

ఈ మాట వాడితో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సేఫ్‌లో పెడతాను బావా" అన్నాడు. తాళం వేస్తే దొంగొచ్చినప్పుడు చేతికందదు, వెయ్యకపోతే అందరి చేతికీ అందుతుంది. ఈ ముడి విప్పే పిస్టల్‌ని ఇంతవరకు బ్రౌనింగూ చెయ్యలేదు, గ్లాకూ చెయ్యలేదు.

అడిగినవాళ్ళ కోసం తీర్పు: మధ్యరకం సైజు, 9 ఎం.ఎం., పేరున్న కంపెనీ ఏదైనా ఒకటే. మిగిలిన డబ్బులు తూటాలకీ, రేంజిలో నేర్చుకోవడానికీ, అన్నిటికంటే ముందు గట్టి సేఫ్‌కీ పెట్టండి. టెక్సస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేయడం నేరం, అది గుర్తుంచుకోండి. కొన్నవాళ్ళు తాళం వెయ్యండి. కొననివాళ్ళు కొనలేదని చిన్నబోకండి. ఇద్దరూ కూడా, దయచేసి, నెయ్యి వేసుకునే వేళకి మాట మార్చండి.