అబ్బోడికి అడవి నేర్పుతున్నారు

పిల్లలు సెల్‌ఫోన్లలో మునిగిపోయి మట్టికీ చెట్టుకూ దూరమైపోతున్నారని ఊరూవాడా దిగులుపడుతుంటే, మా రాజుపాలెం మండలంలో కొందరు తండ్రులు ఆ జబ్బుకు మందు కనిపెట్టేశారు. రాత్రి పదిన్నర దాటాక పదేళ్ల కొడుకును నిద్రలేపి, బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, నెత్తికి లైటు కట్టుకుని కుందూ గట్టు పొంటి శనగచేలల్లోకి కుందేళ్ల వేటకు పోవడమే ఆ మందు. పొద్దున బడిలో వాడు బెంచీ మీద తల వాల్చి గుర్రు పెడతాడు. పర్వాలేదు, సెల్‌ఫోన్ చూడలేదు గదా! ఫోను నాయన చేతిలో ఉంటుంది. చచ్చిన కుందేలును చెవులు పట్టి పైకెత్తమని కొడుక్కి చెప్పి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టేది దాంతోనే.

ఎందుకన్నా ఇదంతా అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. "మా నాయన నాకు నేర్పినాడు, నేను వీనికి నేర్పుతాండా. అడివంటే ప్రేమ పుట్టాల గదప్పా!" ప్రేమ పుట్టించే సరంజామా చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఒక నాటు తుపాకీ, రెండు వేటకుక్కలు, నాలుగు ఉచ్చులు, గోనెసంచి. ఈ లెక్కన ప్రొద్దుటూరులో బంగారు అంగడికి కన్నం వేసేవాడికి నగల మీద ఉన్నది కూడా కళాభిమానమే.

ఈమధ్య వీళ్లకు అమెరికా కూడా తోడొచ్చింది. డాలస్‌లో ఉండే బావమరిది చెప్పాడట, అక్కడ తండ్రులు పిల్లలను టర్కీ కోళ్ల వేటకు తీసుకుపోతారని. నిజమే. చాలా రాష్ట్రాల్లో పెద్దల సీజను తెరవకముందే పిల్లల కోసమని ప్రత్యేకంగా రోజులు కేటాయిస్తారు. బావమరిది చెప్పనిది మిగతాది. అక్కడ లైసెన్సు కావాలి, సీజనుకు ఇన్నే కొట్టాలన్న లెక్క ఉంటుంది, తుపాకీ భద్రత గురించి పాఠాలుంటాయి. ఎండాకాలం ముందు వచ్చే సీజనులో మామూలుగా పుంజుల మీదికే పోనిస్తారు, పెట్టల జోలికి రానివ్వరు. మన శనగచేనులో పెట్టేమిటి, పుంజేమిటి? లైటుకు కళ్లు మెరిస్తే చాలు, అది చూలుదో పాలిచ్చేదో ఎవడు చూస్తాడు!

అట్లాగని అమెరికావాడికి దండ వేయనక్కర్లేదు. అక్కడ తుపాకుల మీద, తూటాల మీద ప్రత్యేక సుంకం ఉంది. పొడుగు తుపాకులకు, తూటాలకు నూటికి 11 వంతులు. 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. అంతరించిపోతాయనుకున్న టర్కీ కోళ్లు మళ్లీ లక్షల్లో పెరగడానికి ఆ డబ్బు సాయపడిన మాటా నిజమే. ఇప్పుడేమో వేటగాళ్లు ముసలివాళ్లైపోతున్నారు, కొత్తవాళ్లు రావడం లేదు. తూటాలు కొనేవాళ్లు తగ్గితే అటు కంపెనీకీ ఇటు ఖజానాకూ కష్టమే. అందుకని పిల్లల మీద అందరికీ ఒక్కసారిగా మమకారం పొంగింది. మన తండ్రి ఆ పాటి సుంకమైనా కట్టడు. నాటు తుపాకీకి బిల్లెక్కడిది?

కట్టేదల్లా పట్టుబడినప్పుడే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, చివరికి అందుకు ప్రయత్నించడం కూడా వేటే. పట్టుబడి నేరం రుజువైతే తుపాకీ సరే, కంతులు ఇంకా తీరని బండి కూడా సర్కారు సొత్తవుతుంది. అందుకే అబ్బోడికి మొదటి పాఠం పిట్టల గురించి ఉండదు. "ఫారెస్టోల్లు ఆపి యాడికి పోతాండారంటే, కుక్క తప్పిపోయింది, ఎతుకుతాండామని చెప్పు. నవ్వద్దు." వాడు బుద్ధిమంతుడు, నవ్వడు. పదేళ్లకే గవర్నమెంటోడి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పగలిగినవాడికి మన జిల్లాలో భవిష్యత్తు లేదని ఎవరనగలరు?

రెండో పాఠం గోనెసంచి. తుపాకీ నాయన పడతాడు, సంచి కొడుకు పడతాడు. ఒక రాత్రి జొన్న కొయ్యకాల్లో వల వేసి కౌజుపిట్టలను పట్టారు. సంచిలో వేసినవి ఇంకా బతికే ఉన్నాయి. గోనె గుడ్డ లోపలినుంచి కదులుతూ వాడి మోకాలికి తగులుతోంది. వాడు సంచిని ఒంటికి దూరంగా, చెయ్యి బారజాచి పట్టుకున్నాడు. చెయ్యి లాగుతోంది, అయినా దగ్గరకు తెచ్చుకోడు. నాయన అది చూసి "బయమా రా?" అని నవ్వాడు. వాడు సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. మగతనం అంత సులువుగా అబ్బింది.

ఇంటికొచ్చాక కుందేలు కూరలో సీసం గుండు వాడి పంటి కింద పడింది. ఉమ్మేసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "జాగ్రత్తగా నమలాల," అన్నాడు నాయన. సీసం పిల్లల మెదడుకు చేటని డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు గానీ, ప్రకృతి ప్రేమ ముందు మెదడెంత!

ఇంకా గట్టిగా అడిగితే దేవుణ్ని లాగుతారు. అహోబిలం నరసింహస్వామే పారువేటకు పోతాడు గదా అని. పోతాడు. పల్లకీలో దగ్గర దగ్గర నెలన్నర పాటు ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని అందరినీ పిలుస్తాడని జనం చెప్పుకుంటారు. ఆయన తిరిగివచ్చాక గుడి ముందర ఎవరూ మసాలా దంచరు.

ఆఖరి అస్త్రం మాత్రం గట్టిది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడిని 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ చూపించింది ఒక వేటగాడే గదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. బొంబాయినుంచి వచ్చిన శాస్త్రవేత్తలు ఏళ్లూపూళ్లూ వెతికిన పిట్టను, రెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె మనిషి రాత్రిపూట టార్చి వెలుగులో పట్టాడు. ఏ పొదలో ఏది పడుకుంటుందో ఆ మనిషికి తెలుసు. పట్టిన పిట్ట మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. ఆ తర్వాత లంకమల అభయారణ్యంలో వెతికినవాళ్లు మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక దాని మీద పడిన అడుగులు చదివారు. ఆ పని మన తండ్రికి చెప్పి చూడండి. రాత్రంతా కాచుకుని పొద్దున మట్టిలో మూడు వేళ్ల గుర్తు చూడటమా? అది స్టేటస్‌లో పెడితే ఎవడు చూస్తాడు?

వాడికి ఎన్ని పిట్టలు తెలుసని ఒకసారి అబ్బోడినే అడిగాను. కౌజు, కంజు, నెమలి అన్నాడు. మూడింటి రుచీ వర్ణించాడు. కుందూ ఒడ్డున చేపను గురిచూసి గాల్లో నిలబడే నలుపూతెలుపుల లకుముకిని చూపిస్తే, "అది తినేదానికి పనికిరాదు" అన్నాడు. వాడికి అడవి అంతవరకే వచ్చింది.

ఈ తండ్రికి పన్నెండేళ్ల కూతురు కూడా ఉంది. క్లాసులో ఫస్టు, మేకలను వాటి అరుపును బట్టి గుర్తుపడుతుంది. మరి ప్రేమ పంచేటప్పుడు ఆ పిల్లనెందుకు వెంటబెట్టుకుపోవు అన్నాను. "ఆడపిల్ల గదన్నా, చీకట్లో బయపడ్తాది," అన్నాడు.

లోపలినుంచి వాళ్లావిడ గొంతు వినబడింది. "అర్ధరాత్రి రెండింటికి లేపి మసాలా నూరమంటావే, అప్పుడు బయపడదా?"