పొగమంచు దీపం బొమ్మ వెనక

పుట్టినప్పుడు నాకు నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, నాలుగు బొత్తాలు, తాళాల గుత్తికి తగిలించే ఇనుప రింగు ఉండేవి. ఇప్పుడు వాటిలో ఒక్కటీ మిగల్లేదు. సగం అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డునై, నల్ల టేపు చుట్టుకుని, ఒక పాత మారుతీ 800 డ్యాష్‌బోర్డు లోపల, ముందద్దం కింద పడి ఉన్నాను. టీవీ రిమోటు సోఫా సందులో దూరితే ఇంటిల్లిపాదీ వెతుకుతారు. నాలాంటి గేటు రిమోటు దొరక్కపోతే వానలో తడిసేది ఒక్కడే, కారు తోలేవాడు. నా బతుకులో జరిగిందంతా ఆ ఒక్కడు తడవకూడదని జరిగిందే.

కాజీపల్లికి 2019లో వచ్చాను. బొల్లారం, గడ్డపోతారం పరిశ్రమల నడుమ ఉన్న ఊరు. రాత్రిపూట గాలి ఏ వైపు తిరిగిందో ముక్కే చెప్పేస్తుంది. మా సారు అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రిటైరైతే మాత్రం ఏముంది, పంపు ఆగిందనో మోటారు కాలిందనో అర్ధరాత్రి ఫోన్లు వస్తూనే ఉండేవి. పోవడానికి ఇబ్బంది లేదు. తిరిగి వచ్చాకే అసలు పని. కారు దిగి, అరిగిన మోకాళ్లతో పద్నాలుగు అడుగుల ఇనుప గేటును తొయ్యాలి, మళ్లీ ఎక్కాలి, లోపల పెట్టి మళ్లీ దిగాలి. టెక్సాస్‌లో ఉన్న కొడుకు అది వీడియో కాల్‌లో చూశాడు. నెల తిరక్కుండా గేటుకు మోటారు, దాని కింద పళ్ల కడ్డీ, గోడ మీద మినుకుమినుకుమనే పచ్చ దీపం వచ్చాయి. వాటితోపాటు నేనూ, నా కవలా వచ్చాం. కవలేమో అమ్మ, అంటే సారు భార్య, కొంగు ముడిలోకి పోయింది. నేను సారు జేబులోకి.

నా పని గురించి కొంచెం గొప్ప చెప్పుకోనివ్వండి, చెప్పుకునే అవకాశం నాకు అరుదు. మా కులంలో పాతవాళ్లు ఒకటే మాట పట్టుకుని వేలాడేవాళ్లు. వీపు మీద ఎనిమిది చిన్న స్విచ్చులుంటాయి, వాటిని ఎట్లా పెడితే ఆ మాటే జీవితాంతం. దారిన పోయేవాడు ఒక్కసారి విని దాచుకుంటే చాలు, గేటు వాడిదే. నేను అట్లా కాదు. ఒకసారి అన్న మాట మళ్లీ అనను. నొక్కిన ప్రతిసారీ 433.92 మెగాహెర్ట్జ్ మీద 66 బిట్ల మాట ఒకటి విసురుతాను. అందులో 32 బిట్లు గుప్తలిపి, దాని లోపల ఒక లెక్క. ఆ లెక్క నొక్కునొక్కుకీ ఒకటి పెరుగుతుంది. గేటు దగ్గరి రిసీవరు తన లెక్క తాను రాసుకుంటుంది. నా అంకె దానికన్నా 16 లోపు ముందుంటే తెరుస్తుంది. వెనకబడ్డ అంకె వింటే చెవిటిదానిలా ఊరుకుంటుంది. ఈ కీలోక్ అనే విద్య 1980ల్లో దక్షిణాఫ్రికాలో పుట్టింది, 1995లో మైక్రోచిప్ అనే అమెరికా కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2008లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని గుట్టు కూడా విప్పేశారనుకోండి. అయినా కాజీపల్లిలో గేటు దూకేవాడికి అంత చదువు అక్కర్లేదు, నిచ్చెన చాలు.

సారుకు నాతో పడలేదు. తప్పు నాది కాదు. చీకట్లో, వానలో, జేబులో కళ్లద్దాల పెట్టె, బీపీ మాత్రలు, టెస్టరు, వాటి కింద నేను. ఒకసారి నా బదులు ఇన్‌హేలర్ తీసి గేటు వైపు చాపి నొక్కారు. ఇంకోసారి ఫ్యాక్టరీలో ప్యాంటు మార్చుకుని నన్ను అక్కడే వదిలేశారు.

2020 సంక్రాంతికి కొడుకు వచ్చాడు. సంచిలోంచి ఒక వెనక చూపు అద్దం తీశాడు, కింద మూడు బొత్తాలు. "నాయినా, మా దగ్గర ప్రతి కారుల ఇది లోపల్నే ఉంటది. గ్యారేజీ తలుపు ముంగటికి పోతే ఒత్తుడే. ఎక్కడ పెట్టిన్ననే బాధ లేదు" అన్నాడు. అది హోమ్‌లింక్. అమెరికాలో దాని వంశం పెద్దది. పైకి లేచే గ్యారేజీ తలుపును 1921లో సి.జి. జాన్సన్ చేశాడు, దానికి కరెంటు మోటారు 1926లో పెట్టాడు. ఆ మోటారును కారులోంచే పిలిచే ఈ బొత్తాలు మిషిగన్‌లోని ప్రిన్స్ కార్పొరేషన్‌లో పుట్టాయి. 1996లో జాన్సన్ కంట్రోల్స్ చేతికి, 2013లో జెంటెక్స్ చేతికి మారాయి. ఇంత చరిత్ర ఉన్న అద్దాన్ని మా 800కు తగిలించి, నన్ను దాని మూతికి రెండంగుళాల దూరంలో పెట్టి, ఇద్దరినీ కలిపి నొక్కారు. నేర్చుకుంటే దాని చిన్న దీపం గబగబా కొట్టుకోవాలి. అది తాపీగా మినుకుతూనే ఉంది. అరగంట సేపు.

ఆ అద్దానికి వచ్చింది అక్కడి తలుపుల కంపెనీల భాష. అవి ఎక్కువగా 315, 390 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. పోనీ నా మాటను ఎట్లాగో పట్టుకుందనే అనుకుందాం, రేపు అదే మాట అప్పజెబితే గేటుకు అది నిన్నటి అంకె. నవ్వుకుంటుంది. కొడుకు చిన్నబోయాడు. అమ్మ మాత్రం అద్దంలో బొట్టు సరిచూసుకుని, "అద్దమైతే మంచిగున్నది, ఉండనియ్యి" అంది. ఉంది.

ఆ ఏడాది చివర్లో కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఏపీ 23 నంబరు, ఉమ్మడి మెదక్ జిల్లా నాటిది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తే ఇంకో ఐదేళ్లు. కాగితం చేతికి వచ్చిన రోజే సారు నన్ను టేబుల్ మీద పెట్టి, "ఐదేండ్లు నడిపేదే అయితే దీన్ని లోపల బిగిద్దాం" అన్నారు. నా మీద అంత ఓపిగ్గా ఆలోచించిన మనిషిని అంతకుముందు చూడలేదు.

బొల్లారం దగ్గర కార్ల కరెంటు పనులు చేసే ఒక కుర్రాడున్నాడు. నా మూత విప్పి చూసి తేల్చేశాడు. "ఇండ్లున్న బుడ్డ బ్యాటరీ పన్నెండు ఓల్టులు, కారు బ్యాటరీ గూడ పన్నెండే. డైరెక్టు ఇచ్చేద్దాం కాకా."

"బండి స్టార్ట్ చేసి మీటరు పెట్టు, తమ్మీ."

14.2 చూపించింది. నా ఐసీ తట్టుకునేది 13. కుర్రాడు తల గోక్కున్నాడు. పన్నెండు ఓల్టుల రెగ్యులేటరు వేద్దామన్నాడు. దానికి పైన కనీసం రెండు ఓల్టులు ఎక్కువ అందాలి, ఇంజను ఆగి ఉన్నప్పుడు అవి ఎక్కడినుంచి వస్తాయి? సారు మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీకి పోయి తొమ్మిది ఓల్టుల రెగ్యులేటరు 7809, దాని రెండు పక్కలా పెట్టే కెపాసిటర్లు, ఒక డయోడు, ఒక ఆంపియరు ఫ్యూజు తెచ్చారు. అన్నీ కలిపి ఒక ప్లేటు బిర్యానీ ఖర్చు కాలేదు. గల్లీ దాకా పోయిన పెట్రోలు మాత్రం ఎక్కువైంది.

తర్వాత వచ్చింది పెద్ద తగవు. కరెంటు ఏ తీగ నుంచి తియ్యాలి? కుర్రాడు లోపలి లైటు తీగ చూపించాడు, సులువు. కానీ అందులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. రెగ్యులేటరు ఊరికే కూర్చున్నా నాలుగైదు మిల్లీఆంపియర్లు తాగుతుంది. నెలకు మూడు ఆంపియర్ అవర్ల పైన. నెలల తరబడి కారు కదలకపోతే చిన్న బ్యాటరీకి అది భారమే. అమ్మ అడిగింది వేరే. "తాళంచెవి లేకున్నా ఒత్తితే గేటు తెరుసుకుంటదా? కారు బయట పెట్టినప్పుడు ఎవడన్న అద్దం పగలగొట్టి ఒత్తితే?" కుర్రాడికీ సారుకూ ఇద్దరికీ తట్టని ప్రశ్న. ఇంటి తాళాన్ని కారులో పెట్టి కారును బజారులో నిలబెట్టడమే అది. అమెరికా అద్దాన్ని చేసినవాళ్లు కూడా దీని గురించి ఎంత ఆలోచించారో నాకు అనుమానమే. చివరికి తాళంచెవి ఒక మెట్టు తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి తీశారు.

కుర్రాడు అప్పుడు చేసిన పనికి మాత్రం నేను మెచ్చుకున్నాను, నొప్పి పుట్టినా సరే. నా బొత్తం రెండు కాళ్లనూ సీసంతో కలిపి అతికేశాడు. అంటే ఎవరో నన్ను శాశ్వతంగా నొక్కి పట్టుకున్నట్టే. స్విచ్చును నాకు వచ్చే కరెంటు దారిలో పెట్టాడు. స్విచ్చు నొక్కితే రెగ్యులేటరు లేస్తుంది, దాంతో నేనూ లేచి అరుస్తాను. వదిలితే ఇద్దరం పడుకుంటాం. ఒక్క మిల్లీఆంపియరు వృథా కాదు.

మా 800 చవక మోడల్. ఖరీదు మోడళ్ల స్విచ్చుల కోసం వదిలిన గూళ్లకు డ్యాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ మూతలే. ఒక మూత పీకి, తన డబ్బాలో దొరికిన ఫాగ్ ల్యాంపు స్విచ్చు దూర్చాడు. నొక్కితే అట్లాగే ఉండిపోకుండా లోపలి లాకు పిన్ను తీసేశాడు. పైన పొగమంచు దీపం బొమ్మ అట్లాగే ఉంది. నన్ను మొదట స్టీరింగు కింద ఇనుప పట్టీకి కట్టాడు. రెండడుగులు దాటి నా గొంతు వినబడలేదు. తొమ్మిది ఓల్టుల్లో నా గొంతు ముందే కాస్త తగ్గింది, పైగా చుట్టూ రేకు. తిట్టుకుంటూ విప్పి, ముందద్దం అంచుకు జరిపి, 17 సెంటీమీటర్ల తీగ ఒకటి తోకలాగా అతికాడు. నా తరంగంలో అది నాలుగో వంతు. గొంతు తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు కారు ఆగింది. వీధిలో నలుగురు చేరారు. సారు బొత్తం నొక్కారు. గేటు కదల్లేదు.

షాపులో పొద్దంతా నన్ను అరిపించారు కదా. నా లెక్క గేటు లెక్కను దాటి 16 కన్నా చాలా ముందుకు పోయింది. అట్లాంటప్పుడు రిసీవరు వెంటనే నమ్మదు. దాని వెంటే వచ్చే రెండో అంకె కూడా వింటేనే, సరే, మనదే అనుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. "నేను ముందే అన్న" అని ఒకాయన మొదలుపెట్టాడు. సారు ఏమీ అనకుండా ఇంకోసారి నొక్కారు. పచ్చ దీపం మినుకుమంది. పళ్ల కడ్డీ గరగరమంది. గేటు మొత్తం తెరుచుకునేదాకా సారు గేరు వెయ్యలేదు, చూస్తూ కూర్చున్నారు.

తర్వాతి ఐదేళ్లలో చెప్పేంత విశేషం లేదు, అదే విశేషం. 2020లో నటుడు ప్రభాస్ దత్తత తీసుకున్న 1,650 ఎకరాల కాజీపల్లి అడవి పక్కనుంచి రాత్రిళ్లు వచ్చేవాళ్లం. సారు పాత పాటలేవో ఈల వేసేవారు. వీధి మలుపులో వేలు బొమ్మ మీదికి వెళ్లేది, చూడకుండానే. ఈ ఊరి గాలికి నా సీసం అతుకుల పక్కన రాగి మీద పచ్చగా చిలుము లేచింది, అంతే. కరెంటు పోయిన రోజుల్లో నేను ఎంత అరిచినా లాభం లేదు. అమ్మ చిన్న తాళంచెవితో మోటారు క్లచ్చు విడిపించి గేటు తోసేది. తోసిన ప్రతిసారీ నా గురించి ఒక మాట అనేది, అది ఇక్కడ రాయను.

2025లో రెండో రెన్యువల్ దాకా వచ్చేసరికి సారు కారు అమ్మేశారు. గడ్డపోతారంలో డబ్బాలు, గ్లౌజులు సరఫరా చేసే ఒకతను కొన్నాడు. అమెరికా అద్దాన్ని అమ్మ విప్పించుకుంది. నన్ను విప్పాలంటే డ్యాష్‌బోర్డు సగం ఊడదీయాలి. సారు ముందద్దం మీద ఒకసారి చెయ్యి ఆనించి లోపలికి వెళ్లారు. మోటారు మూత తీసి, రిసీవరు మీది చిన్న బొత్తాన్ని దీపం ఆరేదాకా నొక్కి పట్టుకున్నారు. అందులో నా పేరూ, నా కవల పేరూ రెండూ పోయాయి. తర్వాత కవలను మళ్లీ నేర్పించుకున్నారు.

కొత్త యజమాని ఆ బొమ్మను నిజంగానే ఫాగ్ ల్యాంపు అనుకుంటాడు. మొన్న మాఘమాసపు తెల్లవారుజామున జిన్నారం దారిలో మంచు కమ్మితే నాలుగుసార్లు నొక్కాడు. ఏ దీపమూ వెలగలేదు. "పాత బండి గదా" అని గొణిగి, అద్దం దించి తల బయటపెట్టి తోలాడు. నేను నాలుగుసార్లూ అరిచాను, నాలుగు కొత్త మాటలు.