గీకుడు మేస్త్రి

శ్రీరామనవమి దగ్గరపడుతోందంటే భద్రాచలంలో పాత టేకు తలుపులున్న ఇళ్లవాళ్లందరికీ ఒక్కడే కావాలి, గీకుడు మేస్త్రి. సారపాకలో ఉన్నాడని వెళ్తే బూర్గంపాడులో ఉంటాడు. అక్కడికి వెళ్తే పాల్వంచలో ఇంకెవరి దగ్గరో అడ్వాన్సు తీసుకుంటుంటాడు. పండగ పండగకీ ఒక పూత చొప్పున ద్వారబంధానికి పట్టించిన ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఆకుపచ్చ ఎనామిల్‌ను ఊడగొట్టి, అడుగునున్న టేకును బయటికి లాగడం ఆయన విద్య. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటి ఇళ్లలోకి వచ్చిపోయాక, ఉబ్బిన తలుపుల పుణ్యమా అని చేతినిండా పనే.

ఆ చేతుల సంగతే చెప్పాలి. మేస్త్రి అన్నిటినీ కాపాడతాడు. సెల్‌ఫోనుకు ప్లాస్టిక్ సంచి చుడతాడు. కుచ్చు వంగకుండా బ్రష్షును కిరోసిన్‌లో వేలాడదీస్తాడు. మనింటి మార్బుల్ మీద పాత ఎన్నికల ఫ్లెక్సీ పరుస్తాడు. రిమూవర్ చుక్క పడి నాయకుడి నవ్వు చెరిగిపోతుంది గానీ గచ్చు మాత్రం భద్రం. చేతులకు మాత్రం కొబ్బరినూనె.

రంగు ఊడగొట్టడానికి ఆయన వాడే కాస్టిక్ సోడా, ఆ కొబ్బరినూనె కలిస్తే సబ్బవుతుంది. అంటే మేస్త్రి అరచేతుల్లో రోజూ కుటీర పరిశ్రమ నడుస్తున్నట్టే. నూనె అయిపోయాక ముడిసరుకు చర్మంలోని కొవ్వు. "చూడండి సార్, ఎంత నున్నగా జారుతుందో" అని వేళ్లు రుద్ది చూపిస్తాడు. ఆ జారేది తన తోలేనంటే నమ్మడు. మోచేతి దాకా వచ్చే మామూలు రబ్బరు గ్లౌజులు కాస్టిక్‌ను చక్కగా ఆపుతాయి. "గ్లౌజులు ఆసుపత్రోళ్లకు సార్, మాకెందుకు?"

ఒక రిటైర్డ్ సారు ఊరుకోలేక, కరోనా నాడు మిగిలిన పల్చటి గ్లౌజులు తెచ్చిచ్చారు. మర్యాదకు వేసుకున్నాడు. ఆ రోజు వాడుతున్నది కాస్టిక్ కాదు, డబ్బా రిమూవర్. అందులో ఉన్నది మిథిలీన్ క్లోరైడ్. 40 డిగ్రీలకే మరిగిపోయే సరుకు, మే నెల కొత్తగూడెం ఎండ కన్నా చల్లటి మరుగు. ఆసుపత్రి గ్లౌజులో నుంచి నిమిషాల్లో లోపలికి చేరుతుంది. చేరాక ఆవిరైపోయే దారిలేక చర్మాన్నే పట్టుకు కూర్చుంటుంది. మేస్త్రి గ్లౌజులు విసిరికొట్టి, "చూశారా, వేసుకుంటేనే మంట!" అన్నాడు. ఆయన సిద్ధాంతానికి అంతకు మించిన రుజువు దొరకలేదు. మిథిలీన్ క్లోరైడ్‌కు పొరలు పొరలుగా చేసిన లామినేట్ గ్లౌజులు వేరే ఉంటాయి. ఆ ఆవిరి పీల్చితే ఒంట్లోకెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది కూడా. అమెరికాలో 2019లో ఇళ్లవాళ్లకు అమ్మే రిమూవర్లలో దాన్ని నిషేధించారు. మేస్త్రికి చెప్తే, "అక్కడోళ్లు సుకుమారులు సార్" అన్నాడు.

ద్వారబంధం పైకమ్మి గీకేటప్పుడు ద్రావకం మణికట్టు మీదుగా మోచేతికి కారుతుంది. గ్లౌజు అంచును పైకి మడిస్తే ఆ మడతలో ఆగిపోతుంది. మేస్త్రి తువ్వాలు కట్టుకుంటాడు. అది తడిసి, మందుకట్టులా అదే చోట అంటిపెట్టుకుంటుంది. జ్యోతిష్కుడు చెప్పిన ఇనుప ఉంగరం కింద ఎప్పుడూ కొంచెం నిల్వ ఉంటుంది. తీయమంటే శనికి కోపమొస్తుందంటాడు. సాయంత్రం థిన్నర్‌తో చేతులు కడుక్కుని, మిగిలిన కొవ్వును కూడా సాగనంపుతాడు.

రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే గీతలు దొరకవు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ, కుడి అన్నీ అయ్యాక డీలరు విసుక్కుని, కన్ను చూపించమంటాడు. "ఊరంతటికీ తెలిసిన మనిషిని నేను, మిషన్‌కే తెలీదు" అని నవ్వేస్తాడు.

నవమికి ముందు చర్ల, దుమ్ముగూడెం వైపు మిర్చి కోతలు. కల్లంలో తొడిమలు తీయడానికి ఇంటావిడతో పాటు ఆయనా వెళ్తాడు. ఒకసారి ఆ రిటైర్డ్ సారు అటుగా వెళ్తూ చూశారు. ఎర్రటి తేజ మిర్చి రాశి ముందు మేస్త్రి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులకూ మోచేతి దాకా కొత్త రబ్బరు గ్లౌజులు.

"ఇదేంటి మేస్త్రీ?"

"మిర్చి సార్! ఉత్త చేతుల్తో ఎవడు ముట్టుకుంటాడు?"