దేవుడు వరమిచ్చినా...

అమెరికా ఫైర్‌మెన్‌లో సగానికి పైగా వాలంటీర్లే. సైరన్ వినబడితే షాపు షట్టర్ సగం దించి, అన్నం కంచం ముందు నుంచి లేచి పరుగెత్తే బాపతు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన దళం నాటి ఆనవాయితీ. జీతం అడగరు, ప్రాణం మాత్రం పెడతారు. ప్రభుత్వానికి ఇంతకన్నా మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది?

డ్యూటీలో పోతే కుటుంబానికి 50 వేల డాలర్లని 1976లో ఫెడరల్ చట్టం తెచ్చారు. అయితే డ్యూటీలో ఎక్కువమందిని తీసుకెళ్లేది మంట కాదు, గుండెపోటు. బరువైన సరంజామా మోసి, పొగ మింగి, బయటికొచ్చి కుప్పకూలితే అది 'గాయం' కిందికి రాదన్నారు. ఆ ముడి విప్పడానికి 27 ఏళ్లు! డ్యూటీ చేసిన 24 గంటల్లోపు గుండెపోటొచ్చి పోతే సాయమిస్తామని 2003లో ఒప్పుకున్నారు. ఆ తర్వాత నిబంధనలు రాసుకునేసరికి 2006 వచ్చింది. ఫైరింజను నిమిషాల్లో రావాలి గానీ ఫైలుకేం తొందర?

అందులోనూ ఓ మెలిక. చేసిన పని 'రొటీన్' అయితే పైసా రాదు. నిప్పార్పడం ఫైర్‌మన్‌కి రొటీనా, కాదా? ఆ మీమాంసలోనే ఎన్నో దరఖాస్తులు మూలిగాయి.

కాబట్టి వాలంటీరు బాబులూ! పైపు పట్టుకునే ముందు, ఈ మంట రొటీన్ కాదని ఆఫీసరుగారి చేత సంతకం పెట్టించుకోండి.