గోడకి నడుమ ఒక్కటే

ఏ గోడకైనా నడుమ ఒక్కటే ఉంటుంది. ఇంత చిన్న లెక్క వేలూరు, గుడియాత్తం చిత్రకారులందరం కలిసి కూర్చున్నా తేలడం లేదు. ఉమ్మడి ప్రదర్శన కదా, ఎంపిక కూడా అందరం కలిసే చేద్దామన్నారు. అక్కడే చెడింది. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

వచ్చిన పటాల్లో సగం వేలూరు కోటే. అదీ అందరూ ఒకే వైపు నించుని, అగడ్త నీళ్లలో గోడ నీడతో సహా వేసినవి. "ఒక కోట చాలు గదన్నా" అంటే, "ఏది? ఎవురిది?" అన్నారు. 1806లో తిరుగుబాటు చేసిన సిపాయిలు కూడా ఆ కోట కోసం ఇంత పట్టు పట్టి ఉండరు. గుడియాత్తం వాళ్లు మగ్గాలూ, అగ్గిపెట్టెలు అతికే ఆడవాళ్లనూ వేసి పంపారు. అవి మరీ లోకల్‌గా ఉన్నాయట. కోటేమో పారిస్‌లో ఉన్నట్టు!

ఇక ఎత్తు. పటం కంటి ఎత్తున ఉండాలంటారు. ఎవరి కన్ను? మాలో పొడుగాయన తనదన్నాడు. పొట్టాయన లేచి, "చూసేదానికి పిల్లకాయలు రారా?" అన్నాడు. కుర్చీలో కూర్చుని చూసే ముసలివాళ్ల సంగతేమిటని ఇంకొకరు. టేపు తెచ్చాం. పొడుగాయన అంగుళాల వైపు చదివాడు, పొట్టాయన సెంటీమీటర్ల వైపు చదివాడు, ఇద్దరూ గెలిచారు. తీరా చూస్తే హాలు పెళ్లిళ్ల హాలు. మేకు దిగితే అడ్వాన్సు తిరిగి రాదు. అంటే, కొట్టకూడని మేకు ఎక్కడ కొట్టాలని మధ్యాహ్నం భోజనాల దాకా వాదించుకున్నాం.

నచ్చజెబుదామని చిత్రకారుడు గెయిన్స్‌బరో కథ చెప్పాను. 1784లో లండన్ రాయల్ అకాడమీ వాళ్లు, తాను వేసిన రాజకుమార్తెల పటాన్ని అడిగినంత కిందికి దించలేదని ఆయన అలిగి, పటాలన్నీ వెనక్కి తీసుకుపోయాడు. మళ్లీ అక్కడ ప్రదర్శనకు పెట్టనేలేదు. పొట్టాయన శ్రద్ధగా విని, "పెద్దమనిషి! నాదీ ఇచ్చేయండి, పోతా" అన్నాడు.

1874లో పారిస్‌లో మోనే, రెన్వా, డెగా తదితరులు కలిసి పెట్టిన ప్రదర్శనలో స్థలాలకు చీట్లు వేసుకున్నారని చదివి, మేమూ వేశాం. ఓడినవాళ్లు చీటీ మడత మీద అనుమానపడ్డారు. ఆ పారిస్ బృందం 1886 దాకా ఎనిమిది ప్రదర్శనలు పెడితే, అన్నిట్లోనూ ఉన్నది పిస్సారో ఒక్కడేనట. పారిస్ దాకా ఎందుకు, గుడియాత్తం జాతరలో గంగమ్మ సిరసును ఏటా అంత జనంలో ఊరేగించి తెస్తారు. మేము పటానికి తాడు కట్టలేకపోతున్నాం.

నడుమ చోటు కోసం అందరికంటే మొండిగా కూర్చున్నది ఒక బోర్డులు రాసే ఆయన. మొదట విసుక్కున్నాను. ఒకప్పుడు బజారులో ఆయన చెయ్యి పడని గోడ లేదు. అంగడి పేర్లు, సినిమా హీరోలు, ఎన్నికల గుర్తులు, అన్నీ ఆయనవే. కొన్నిటికి సున్నం కొట్టేశారు, మిగతావాటిని ఫ్లెక్సీలు మింగేశాయి. జీవితమంతా పరాయి గోడల మీద పరాయి పేర్లు రాసిన మనిషికి తన పేరుతో ఒక గోడ దొరకడం ఇదే మొదలు. అది ఓ మూల అయితే ఎలా ఒప్పుకుంటాడు? ఆయనలో మాకు కనబడింది అహంకారం. మాలో ప్రతివాడూ తనలో చూసుకున్నది మాత్రం న్యాయం.

నడుమ ఆయనకే ఇద్దామన్నాను. ఆశ్చర్యం, అందరూ సరేనన్నారు. ఇప్పుడు ఆహ్వానపత్రిక మీద పడ్డారు. పేర్లు అక్షరక్రమంలో వేద్దామన్నాను. తమిళ అక్షరాలా, తెలుగు అక్షరాలా అని అడుగుతున్నారు.