ఇంజన్‌ను త్వరగా పనికి తెచ్చే ఫిల్టర్: పాత జీపు ఓనర్లకు చిట్కాలు

సింగరేణిలో దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి కొంత పక్కకు తీసి పాత కమాండర్ జీపు కొన్నవాళ్ల కోసం, అలా కొన్న జీపు తండ్రి నుంచి చేతికొచ్చిన కొడుకుల కోసం ఈ చిట్కాలు. గోదావరిఖని, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ, మంథని రోడ్డు పొడుగునా ఇంకా తిరుగుతున్న ఈ బండ్లతో ఒక్కటే కష్టం. ఇంజన్ ఆగదు. ఇరవై ఏళ్లు దాటినా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇంజన్ ఆగకపోతే ఓనరుకు సుఖం ఎక్కడిది? తెల్లవారుజామున కిరాయికి లేవాలి, బావమరిది పెళ్లికి బండి ఇవ్వాలి, కాలనీలో ఎవరికి నొప్పులొచ్చినా ఏరియా ఆసుపత్రికి మీరే తోలాలి. అదే బండి షెడ్డులో ఇంజన్ విప్పి ఉందనుకోండి, నెలరోజులు ఎవరూ అడగరు. పొద్దున్నే వెళ్లి బెంచీ మీద కూర్చుని, చాయ్ తాగుతూ “రింగులు ఇంకా రాలేదా?” అనడమే మీ పని.

అక్కడికి చేరడానికి అన్నిటికన్నా చవకైన దారి ఆయిల్ ఫిల్టర్. బ్రేకులు పాడు చేస్తే ప్రాణం మీదికొస్తుంది. గేర్‌బాక్సు పాడు చేయాలంటే ఒళ్లు వంచాలి. ఫిల్టర్‌తో ఆ బాధేమీ లేదు. రెండు మూడు వందల సరుకు. ఎంపికలో కాస్త తెలివి చూపిస్తే వేలల్లో పని తెచ్చిపెడుతుంది.

1. ఇంజన్ ఏదో ఎవరికీ చెప్పకండి.

స్పేర్ పార్టుల షాపులో “జీపు ఫిల్టర్ ఇయ్యి సేటూ” అనండి, అంతే. “ఏ ఇంజన్ అన్నా, పెజోనా, డీఐనా?” అని అడుగుతాడు. మహీంద్రా వాళ్లు ఈ జీపుల్లో ఒకప్పుడు 2.1 లీటర్ల పెజో డీజిల్ ఇంజన్ పెట్టారు, మరికొన్నిట్లో రెండున్నర లీటర్ల డీఐ ఇంజన్. పైగా చేతులు మారిన బండిలో ఆర్సీలో ఉన్న ఇంజన్ ఒకటి, బానెట్ కింద ఉన్నది మరొకటి కావచ్చు. ఇవన్నీ ఆలోచిస్తే తల నొస్తుంది. “ఏదైతేంది, డబ్బా గుండ్రంగనే ఉంటది కదా” అనండి. పాత ఫిల్టర్‌ను మాత్రం వెంట తీసుకుపోకండి. దాని మీద నంబరు అచ్చేసి ఉంటుంది. ఆ నంబరు సేటు కంటపడితే సరైనది ఇచ్చేస్తాడు.

2. మర ఎక్కితే చాలనుకోండి.

ఈ ఒక్కటీ ఓపికగా చదవండి, ఫలితం అంత గొప్పది. మరతో బిగించే ఫిల్టర్లలో రెండు కొలతలు బాగా కనిపిస్తాయి. ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. రెండోది 20 మిల్లీమీటర్లు, ఒకటిన్నర మిల్లీమీటర్ల పిచ్. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. అంటే రెంటికీ తేడా మిల్లీమీటరు కూడా లేదు. ముప్పావు అంగుళం స్టడ్డు మీద 20 మిల్లీమీటర్ల డబ్బా పెడితే చక్కగా తిరుగుతుంది. అసలుదానికన్నా సులువుగా తిరుగుతుంది. గాస్కెట్ అంటుకుంటుంది, బిగిసినట్టే ఉంటుంది, స్టార్ట్ చేస్తే కారదు. లోపల మరలు కొసల్లో మాత్రమే పట్టుకుని ఉంటాయి. చల్లటి పొద్దున చిక్కటి నూనె మీద పంపు ఒత్తిడి పెంచినప్పుడో, గుంతలో బండి ఎగిరినప్పుడో డబ్బా ఊడిపోతుంది. చాంబర్‌లోని నూనె మొత్తం రోడ్డు మీద పడటానికి నిమిషం పట్టదు. మిగతా చిట్కాలకు నెలలు కావాలి. దీనికి ఒక్క ట్రిప్పు చాలు.

3. ఖాళీ డబ్బాకన్నా తేలికగా ఉన్నది ఎంచుకోండి.

ఒరిజినల్‌కూ డూప్లికేట్‌కూ అట్ట పెట్టె మీద రంగులు ఒకటే. డూప్లికేట్ మీద కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువ తక్కువ ఉంటుంది, అది చూసీ చూడనట్టు పోండి. కోసి చూస్తే ఒరిజినల్‌లో మడతలు మడతలుగా కాగితం ఒత్తుగా ఉంటుంది. చవక రకంలో మడతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటి చివర్లు జిగురు సరిగ్గా అంటక తెరుచుకుని ఉంటాయి. నూనె ఆ సందుల్లోంచి హాయిగా పోతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మంచి ఫిల్టర్ 20, 30 మైక్రాన్ల రేణువును కూడా పట్టుకుంటుంది. మీరు తెచ్చిన దానిలోంచి వెంట్రుకలు జడ వేసుకుని పోయినా అడిగే నాథుడు లేడు.

4. లోపలి వాల్వుల గురించి అడిగి చిన్నతనం తెచ్చుకోకండి.

ఫిల్టర్ డబ్బాలో సాధారణంగా రెండు వాల్వులుంటాయి. మొదటిది బైపాస్. కాగితం మసితో పూడుకుపోతే అది తెరుచుకుని, వడపోత లేకుండానైనా నూనెను బేరింగులకు పంపుతుంది. మురికి నూనె అయినా అసలు లేకపోవడంకన్నా నయమని దాని లెక్క. పాత ఇంజన్‌లో రింగులు అరిగి మసి ఎక్కువగా దిగుతుంది కాబట్టి కాగితం తొందరగా పూడుతుంది. కనుక నిదానంగా పోదామనుకునేవారు బైపాస్ ఉన్న ఫిల్టర్ తీసుకుని మార్చకుండా వదిలేయండి, బేరింగులు మురికి తింటూ అరుగుతాయి. త్వరపడేవారు బైపాస్ లేనిది తీసుకోండి, అప్పుడు అవి ఎండి అరుగుతాయి. రెండోది రబ్బరు పొర. ఇంజన్ ఆపాక నూనె డబ్బాలోంచి కిందికి జారిపోకుండా పట్టుకుంటుంది. రామగుండం ఎండకూ, పక్కనే ఉన్న ఇంజన్ వేడికీ నాసి రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. రాత్రంతా నూనె చాంబర్‌లోకి దిగిపోతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు టకటకమని మోగుతుంది. అడిగినవాళ్లకు “డీజిల్ బండి కదా, అట్లనే ఉంటది” అని చెప్పండి.

5. దుమ్మును నమ్మండి.

ఈ విషయంలో మన ప్రాంతానికి దేవుడిచ్చిన వరం ఉంది. బొగ్గు దుమ్ము నల్లగా భయపెడుతుంది గానీ, అది మెత్తటిది, ఇంజన్‌ను అంత తొందరగా తినదు. అసలు పనిమంతులు వేరే ఉన్నారు. ఓపెన్ కాస్టుల్లో బ్లాస్టింగ్‌తో లేపి డంపర్లతో గుట్టలు పోసే మట్టిలో ఎక్కువ భాగం ఇసుకరాయి. ఇసుకంటే సిలికా, ఇనుముకన్నా గట్టిది. దానికి తోడు ఎన్టీపీసీ. 1983లో మొదటి యూనిట్ నడిచింది, తర్వాత 2,600 మెగావాట్లకు పెరిగింది, దాంతో బూడిదా పెరిగింది. ఆ బూడిదలో ముఖ్యంగా ఉండేవి సిలికా, అల్యూమినా. కుందనపల్లి బూడిద చెరువు దగ్గర ఎండాకాలం గాలి దుమారం లేచినప్పుడు బండి తోలండి. బూడిద లారీ వెనకాలే, పట్టా సరిగ్గా కప్పనిది చూసుకుని మరీ తోలండి. ఎయిర్ ఫిల్టర్ కూడా పాతదే అయితే ఇంకా మంచిది, అటు నుంచి వచ్చిన సిలికాను ఇటు ఆయిల్ ఫిల్టర్ ఆపదు. బోర్ గోడల మీద అది చేసే పని ఏరియా వర్క్‌షాపులో లేత్ మీద కూడా అంత నున్నగా రాదు.

6. కిలోమీటర్లు లెక్కపెట్టకండి, పండగలు లెక్కపెట్టండి.

ఓనర్ల పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లకని రాసి ఉంటుంది. మీ మీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఆ నియమం మీకు వర్తించదు. దసరాకు లాభాల వాటా పడగానే మారుద్దామనుకోండి. అది బట్టలకు, యాట మాంసానికి పోతుంది. దీపావళి బోనస్‌కు మారుద్దామనుకోండి. అది చిట్టీకి పోతుంది. సంక్రాంతికి ఏదీ రాదు. మళ్లీ దసరా వస్తుంది. ఎవరైనా “ఓపెన్ కాస్టులో కంపెనీ డంపర్లకు గంటలు లెక్కపెట్టి ఫిల్టర్లు మారుస్తరు గదా కాకా” అంటే జవాబు సిద్ధంగా ఉంచుకోండి: కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఇద్దరు మొగుళ్ల ఆస్తి కాబట్టి భయపడి మారుస్తారు. జీపు నూటికి నూరుపాళ్లు మీది. మిమ్మల్ని అడిగేదెవరు?

7. ఎవరైనా మార్చి తీరాలంటే, కడగండి.

పాతదాన్ని డీజిల్లో ముంచి, తిప్పి, ఎండలో బోర్లించండి. మే నెల రామగుండంలో గంట కూడా పట్టదు. కాగితం ఉబ్బి, మడతలు విడిపోయి, అక్కడక్కడా చిరుగుతుంది. బయటికి మాత్రం డబ్బా తళతళలాడుతుంది.

8. బిగించడంలో బలం చూపించండి.

విప్పేటప్పుడు పానా కోసం వెతకొద్దు. స్క్రూడ్రైవర్‌ను సుత్తితో డబ్బాలోకి అడ్డంగా దిగ్గొట్టి తిప్పండి, డబ్బా చినిగి రేకు మీ చేతిలోకి వస్తుంది, అడుగు మాత్రం ఇంజన్‌కే ఉంటుంది. పాత గాస్కెట్ బ్లాకుకు అంటుకుని ఉందేమో చూడకండి. దాని మీదే కొత్తది ఎక్కితే రెండు గాస్కెట్లు, రెట్టింపు భద్రత అనిపిస్తుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారి, వేడెక్కాక ఒకపక్క ఉబ్బి బయటికి వస్తాయి, వెనకే నూనె వస్తుంది. కొత్త రబ్బరుకు వేలితో కాస్త నూనె రాసి, బ్లాకుకు తాకాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలని పెద్ద మేస్త్రీలు చెబుతారు. వాళ్లు ముసలివాళ్లు, వాళ్ల చేతుల్లో బలం తగ్గింది. మీరు పైపు వేసి తిప్పండి.

9. ఎర్ర లైటును ఆపండి.

స్లోలో ఉన్నప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటుంటే అది నూనె ఒత్తిడి పడిపోయిందని చెప్పడం. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి బల్బు లాగేయండి. చెయ్యి దూరకపోతే దాని మీద ఏదైనా స్టిక్కరు అంటించండి. ఫిల్టర్‌కన్నా స్టిక్కరు చవక.

10. సాకులు.

ఒకటి: ఫోర్డ్ మోడల్ టీ కారుకు అసలు ఆయిల్ ఫిల్టరే లేదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర కార్లు అమ్ముడుపోయాయి. అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్జ్ అనే ఇద్దరు 1923లో ఫిల్టర్ తెచ్చేదాకా లోకం ఆగలేదు కదా అనండి. ఆ ఫోర్డులకు కొన్ని వందల మైళ్లకే నూనె మార్చేవాళ్లన్న ముక్క మింగేయండి. రెండు: “మెకానిక్ చెప్పలేదు.” ఇది ఎప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే మెకానిక్ చెప్పినప్పుడు మీరు ఫోన్లో ఉన్నారు. మూడు: “ఈ ఇంజన్‌కు ఏ ఫిల్టరైనా నడుస్తది.” ఇది నిజమే, కొంతకాలం.

11. మేడారం పోండి.

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినా ఇంజన్ ఇంకా నడుస్తుంటే దానికి ఒక్క పరీక్షే మిగిలింది. రెండేళ్లకోసారి జాతర వస్తుంది. పెద్దలు, పిల్లలు, కోళ్లు, బెల్లం బుట్టలు, పైన గంపలు కట్టి, కూర్చోవాల్సినవాళ్లకు రెట్టింపు మందిని ఎక్కించి మంథని, కాటారం మీదుగా భూపాలపల్లి వైపు తోలండి. అడవి దారిలో, ఫోను పనిచేయని చోట మోత మొదలవుతుంది. మొదట పలచగా, తర్వాత సుత్తితో కొట్టినట్టు. అది బిగ్ ఎండు బేరింగ్. ఆపకండి, పాటల సౌండ్ పెంచండి. ఇంకో రెండు మూడు కిలోమీటర్ల తర్వాత జీపు దానంతట అదే ఆగుతుంది, సెల్ఫ్ కొడితే కటుక్కున ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. సీజయింది. శుభాకాంక్షలు. అత్తగారిని, కోళ్లను వేరే బండి ఎక్కించి మీరు చెట్టు కింద పడుకోవచ్చు.

బండిని కట్టుకుని వచ్చాక షెడ్డులో చాంబర్ విప్పుతారు. అడుగున నల్లటి ముద్ద, అందులో బేరింగ్ పొర చిప్పలు మెరుస్తూ కనిపిస్తాయి. క్రాంకు గ్రైండింగ్, బోర్, పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు. బాయిలో మనిషి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగం వచ్చినట్టు, ఇక్కడ ఇంజన్ అన్‌ఫిట్ అయితే మెకానిక్ కొడుకుకు ఇంజనీరింగ్ ఫీజు వస్తుంది. ఎవరో ఒకరు బాగుపడ్డారు.

నెల తర్వాత మెకానిక్ సామాన్ల చీటీ రాసిస్తాడు. పైనుంచి కిందిదాకా చదవండి, ఎక్కడైనా కోత పెట్టే వీలుందేమో చూడండి. చివరి వరసలో ఉంటుంది: ఆయిల్ ఫిల్టర్, ఒకటి. దాన్ని కొట్టేయించండి. కడిగి పెట్టిన పాతది ఇంట్లో ఉంది కదా.