శునక వైద్యం

మా మావయ్య ఇంటికి రెండేళ్ళ క్రితం కుక్క వచ్చింది. అంతకుముందు బీపీ ఆయనకుండేది. ఇప్పుడు మాకు.

ఇలాంటి మావయ్య మీకూ ఒకరు ఉండే ఉంటారు. నిద్ర పట్టడం లేదన్నా, నడుం పట్టేసిందన్నా, పిల్లాడు చదవడం లేదన్నా ఒకటే మందు. "కుక్కని పెంచు అల్లుడూ!"

కాకినాడలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. సర్వీసంతా పైఅధికారి ముందైనా ఇంగ్లీషు ముక్క దొర్లించనివాడు, లాబ్రడార్ గడప తొక్కిన రోజు నుంచీ "సీజర్, సిట్! సీజర్, నో!" అంటున్నాడు. ఆ దొరగారు కూర్చుంటే ఒట్టు. వంటింట్లోంచి అత్తయ్య "పెరుగన్నం" అంటే మాత్రం చెవులు ఎగరేసుకుంటూ పరిగెడతాడు. ఇంట్లోకి కుక్క వస్తే మడి ఏం కావాలి, పుట్టింటికి పోతానన్న అత్తయ్యే ఇప్పుడు మీగడ తీసి దాచేది వాడికి.

మావయ్య నాలిక మీద లెక్కలు సిద్ధంగా ఉంటాయి. "1980లో అమెరికాలో అచ్చయిందిరా! గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరిన 92 మందిని ఏడాది తర్వాత లెక్కేశారు. ఇంట్లో పెంపుడు జంతువులున్నవాళ్ళు 53 మంది, పోయింది ముగ్గురు. లేనివాళ్ళు 39 మంది, పోయింది పదకొండు మంది!" పదకొండు దగ్గర ఆగి, కుక్కలేని నావంక జాలిగా చూస్తాడు.

"92 మందితో ఏం తేలుతుంది మావయ్యా? కుక్క వల్ల గుండెకి మేలు కలగొచ్చు గానీ, గుండె కోసమని కుక్కని తెచ్చుకోవద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషనే 2013లో చెప్పింది కదా?"

"సీజర్, కమ్!" అంటూ లేచి వెళ్ళిపోతాడు.

పోయిన సంక్రాంతికి నా కొత్త చెప్పుల్లో ఎడమదాన్ని సీజర్ నమిలేశాడు. మావయ్య నొచ్చుకోలేదు. "ఉత్త కాళ్ళతో నడిచి వెళ్ళరా, రక్తప్రసరణకి మంచిది" అన్నాడు. ఈ వ్యాసం ఆ ఎడమ చెప్పు తాలూకు వసూలు.

నిజం చెప్పొద్దూ, ఆయన ఆరోగ్యం బాగుపడ్డ మాట వాస్తవం. వారానికి 150 నిమిషాలు నడవమని డాక్టరు చెప్పినప్పుడు డాక్టరుకి ఒక అబద్ధం, అత్తయ్యకి ఒక అబద్ధం చెప్పి పేపరు వెనక కూర్చునేవాడు. సీజర్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. తెల్లారి అయిదున్నరయ్యేసరికి గొలుసు నోట కరుచుకొచ్చి, తడి ముక్కు పొట్టకి ఆనిస్తాడు. వాన అన్నా, మోకాలు నొప్పన్నా వినడు. మావయ్య సంజాయిషీ చెల్లని పైఅధికారి ఈ భూమ్మీద వాడొక్కడే. రిటైరయ్యాక వీధిలో పలకరించేవాడు లేక ముడుచుకుపోయిన మనిషిని ఇప్పుడు పిల్లలంతా "సీజర్ తాతగారూ" అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ నిలబడి మాట్లాడతాడు. నాకు తెలిసి మందు అదే.

కానీ ఆ మందుకో రహస్య అనుపానం ఉందని మొన్న బయటపడింది. మావయ్య ఎవరిదో పెళ్ళికి వెళ్తే, సాయంత్రం నడక అత్తయ్య మీద పడింది. సీజర్ పార్కు వైపు తిరగనే లేదు. నేరుగా సెంటర్లో పునుగుల బండి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు. జీవితంలో మొదటి సిట్!

"సారు రాలేదాండీ?" అంటూ బండతను ఓ పునుగు ఊది చల్లార్చి వాడి ముందు పెట్టాడు.

ఆ పక్కనే, చేతిలో పొట్లంతో, నేను.

కుక్కా యజమానీ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే మమకారపు హార్మోను పెరుగుతుందని 2015లో జపాను శాస్త్రవేత్తలు చెప్పారు. సీజర్ నా కళ్ళలోకి అలాగే చూశాడు. అత్తయ్య కూడా చూసింది. నాలో పెరిగింది మాత్రం మమకారం కాదు.

"ఏరా, మామకి తగ్గ అల్లుడివే! రేపట్నుంచి పొద్దున్నే వాళ్ళతో పాటు నువ్వూ నడువు."

నడుస్తున్నాను. చెప్పులు మాత్రం వాళ్ళ వాకిట్లో విడవను. ఆ వేళకి పునుగుల బండి మీద పట్టా కప్పి ఉంటుంది. అయినా అక్కడికి రాగానే ముగ్గురికీ కాళ్ళు ఆగుతాయి. మావయ్య గుండె గురించి మొదలుపెడతాడు, నేను వింటాను. సీజర్ కూర్చుంటాడు.